జాజి పాటలమ్మ

"పాటమ్మ పోయిందప్పా," అని పిండి మిల్లాయన ఫోన్ చేశాడు. పోయిన సంగతి చెప్పడానికి మాత్రమే కాదు. పేపర్లో వేయించాలట. ఆమె పాడే పాటల్ని సరిగ్గా ఏమంటారో ఊళ్ళో ఎవరికీ తెలియలేదట.

"జాజ్ అంటారు. అదే రాయించు," అన్నాను.

మర్నాడు హోసూరు వార్తల కింద నాలుగు వాక్యాలు వచ్చాయి. "ప్రముఖ జాజి పాటల గాయని" అని ఉంది. జాజిపూల మీదా ప్రకృతి మీదా ఎన్నో మధురగీతాలు ఆలపించారని విలేఖరి తనకు తోచింది తాను చేర్చాడు. హోసూరు పక్కనే ఉన్న తళి వైపంతా పూలతోటలే కాబట్టి చదివినవాళ్ళెవరికీ అనుమానం రాలేదు. దిద్దిద్దామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, మళ్ళీ పెట్టేశాను. పదిహేనేళ్ళకు పైగా మా ఊళ్ళో ఉన్న మనిషి ఏం పాడేదో ఆమె ఉన్నప్పుడే తెలుసుకోనివాళ్ళకు ఇప్పుడు తప్పొప్పుల పట్టిక ఎందుకు?

నాకూ అప్పట్లో తెలియదు. పాటను ఉన్నదున్నట్టు పాడకుండా, పాడే మనిషి అప్పటికప్పుడు మలుపులు తిప్పుకుంటూ పోయే అమెరికా నల్లవాళ్ళ సంగీతమని ఆమె చెబితేనే తెలిసింది. "వరస ఒకరిది, నడక మనది. అంతేప్పా," అనేది.

తళి దగ్గరి ఒక పల్లెలో క్యాబేజీ, బీన్సు పండించే రైతు కూతురు ఆమె. బెంగళూరులో ఒక కాన్వెంటు వంటింటికి వాళ్ళ నాన్న కూరగాయలు వేసేవాడు. ఆ పరిచయంతో అమ్మాయిని అక్కడి హాస్టల్లో చేర్చాడు. సిస్టర్లు ప్రార్థన గీతాలు నేర్పారు. పెద్దయ్యాక ఆ గొంతు ఒక పెద్ద హోటల్లో ఇంగ్లీషు బ్యాండు ముందు నిలబడింది. కూతురు హోటల్లో ఉద్యోగం చేస్తోందని నాన్న ఊళ్ళో చెప్పుకున్నాడు. ఊరు దానికి తగిన అర్థమే తీసుకుంది. సంబంధం చూడటానికి వచ్చిన పెద్దలు ఆమెను అడిగిన మొదటి ప్రశ్న: "దోసెలు సన్నంగా పోస్తావా అమ్మా?"

"మందంగా పోస్తానని చెప్పినాను. లేచి పోయినారు," అని నవ్వేది.

హోసూరుకు వచ్చేసరికి ఆమెకు యాభై దాటాయి. పిండి మిల్లు మీది మేడగదిలో అద్దెకు దిగింది. మనిషి పొట్టి. జుట్టు భుజాల దాకా కత్తిరించుకునేది. నూలు చీర, దాని కింద తళుకు రాళ్ళు పొదిగిన ఎత్తుమడమల చెప్పులు. హోసూరు ఎర్రమట్టిలో ఆ మడమలు దిగబడితే చెప్పు చేతిలోకి తీసి, దులిపి, మళ్ళీ వేసుకుని నడిచేది. పెదవులకు రంగు వేసుకునేది. ఫ్యాక్టరీలు వచ్చి పదిహేనేళ్ళయినా, కొత్త కొత్త యంత్రాలకు అలవాటు పడినా, ఒక పెద్దావిడ పెదవుల రంగుకు మాత్రం మా ఊరు అలవాటు పడలేకపోయింది.

అన్నిటికన్నా పెద్ద గలాటా గాజు గ్లాసు గురించి. హోటలు వదిలి వచ్చేటప్పుడు బ్యాండువాళ్ళు జ్ఞాపకంగా ఇచ్చిన గ్లాసు అది. సన్నటి కాడ, పైన మొగ్గలాంటి గిన్నె. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని ఆ గ్లాసులో ఏదో తాగుతోందని ఎదురింటివాళ్ళు కనిపెట్టారు. వారం తిరగకముందే వీధి పెద్దలిద్దరు మెట్లెక్కి వచ్చి, వీధి మర్యాద గురించి మాట్లాడాలన్నారు. ఆమె కూర్చోబెట్టి ఇద్దరికీ అదే పోసి ఇచ్చింది. మజ్జిగ కలిపిన రాగి అంబలి. ఒకాయన రెండోసారి పోయించుకున్నాడు. అయినా కిందికి దిగాక, "తాగేది అంబలే. తాగే తీరు మాత్రం మంచిది కాదు," అని తీర్పు చెప్పారు.

మిల్లు ఆడుతున్నప్పుడే ఆమె సాధన చేసేది. మోటారు ఆగగానే తానూ ఆపేది. మిల్లాయన మొదట్లో తన మీద కోపమేమోనని భయపడి, అమ్మకు ఇబ్బందిగా ఉంటే మధ్యాహ్నం పూట మిల్లు ఆపుతానన్నాడు.

"ఆపద్దప్పా," అందామె. "నా బతుకంతా ప్లేట్ల చప్పుడులో పాడినాను. చప్పుడు లేకపోతే ఎవరో వింటా ఉండారని భయమైతాది."

ఒకసారి ఆమె పాడిన పాట బాగుందని, మర్నాడు పిండి పట్టించుకోవడానికి వచ్చిన బంధువులకు వినిపించమన్నాడు మిల్లాయన. ఆమె పాడింది. అదే పాటంటే ఆయన నమ్మలేదు.

"నిన్న పాడినట్టే పాడమ్మా," అన్నాడు.

"నిన్న నువ్వు పట్టిన రాగులు, ఈ పొద్దు పట్టే రాగులు ఒకటేనా?"

"పిండి ఒకటే కదమ్మా."

"అందుకే నువ్వు మిల్లు పెట్టుకున్నావు," అని మేడెక్కి వెళ్ళిపోయింది.

కొండ మీది గుడిలో శనివారం భజనకు కూడా ఆమె వెళ్ళేది. పాడటానికి కాదు, పదిమందితో కూర్చోవడానికి. అందరూ ఒకటో దెబ్బ మీద, మూడో దెబ్బ మీద చప్పట్లు కొడుతుంటే ఈమె రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద కొట్టేది. బ్యాండులో నిలబడి నిలబడి వచ్చిన అలవాటు. మొదటి వారం పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆమె లెక్కకు మారిపోయారు. రెండో వారానికి ఒక వరస మొత్తం మారిపోయింది. మూడో వారం మృదంగం ఆయన ఎవరి లెక్కన వాయించాలో తెలియక చేతులు ఎత్తేశాడు. భజన నడిపే కిరాణా కొట్టు పెద్దాయన తాళాలు కింద పెట్టాడు.

"అమ్మా, నీకు దండం పెడతాను. పాడితే పాడు. తప్పట్లు మాత్రం కొట్టద్దు. దేవునికి గలిబిలి అయితా ఉండాది."

"దేవునికి కాదప్పా, మీకు. ఆయన సుమ్నే, ఊరికే ఉండాడు చూడు," అంది ఆమె గర్భగుడి వైపు చూపిస్తూ.

మరుసటి వారం నుంచి భజన మొదలవగానే ఆమె చేతికి హారతి పళ్ళెం ఇచ్చి, అయిపోయేదాకా పట్టుకొమ్మనేవారు. రెండు చేతులూ పళ్ళేనికే సరిపోయేవి. అదొక గౌరవమని ఊరంతా అనుకుంది. ఆమె పళ్ళెం పట్టుకుని, మడమతో నేల మీద కొట్టేది.

నేను అప్పట్లో పంపులు తయారు చేసే ఒక ఫ్యాక్టరీలో గుమాస్తాను. దాంతోపాటు రిక్రియేషన్ క్లబ్బు సెక్రెటరీ అన్న పదవి కూడా ఉండేది. ఆయుధపూజకు బొరుగులు పంచడం, క్యారం బోర్డుకు పౌడరు తెప్పించడం ఆ పదవిలోని అధికారాలు. ఒకరోజు మా మేనేజరు పిలిచాడు. ఆయనది గుంటూరు వైపు. మా తెలుగు వింటే ఆయనకు నవ్వు. "వచ్చినాను, పోయినాను అంటారేంటయ్యా, అది ఏ కాలపు తెలుగు?" అనేవాడు. మా మీద జాలిపడి మాతో ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు.

జర్మనీ నుంచి కొత్త భాగస్వాములు వస్తున్నారు. వాళ్ళ ముందు ఒక ఇంగ్లీషు పాట పాడించాలి. "హోసూరు అంటే ఏదో పల్లెటూరు అనుకోకూడదు," అన్నాడు మేనేజరు. వెతికితే మేడ మీద ఈమె దొరికింది. మేనేజరుకు ఎంత సంబరమో! ఆమె పాడబోయే రెండు పాటల మాటలూ ముందే టైపు చేయించి, సంతకం పెట్టి, ఫైల్లో పెట్టాడు.

ఆ సాయంత్రం క్యాంటీను పక్కన షామియానా వేశారు. జర్మన్లు ముందు వరసలో, ఆఫీసర్లు వాళ్ళ వెనక, పనివాళ్ళు ఎప్పటిలాగే గోడ పక్కన. ఆమె మొదటి పాట పాడింది. మేనేజరు చేతిలోని కాగితం మీద వేలు పెట్టి లైను లైనుకీ సరిచూసుకున్నాడు. పాటయ్యాక జర్మన్లలో పెద్దాయన వంగి, చాలా మర్యాదగా మేనేజరుతో ఏదో అన్నాడు. మేనేజరు ముఖం మారిపోయింది. ఇంగ్లీషు పాటలు తమ ఊళ్ళోనూ వింటూనే ఉంటామని, ఇంత దూరం వచ్చాక ఈ ఊరి పాటొకటి వినాలని ఉందని ఆయన కోరిక.

మేనేజరు వేదిక మెట్ల దగ్గరికి వచ్చి, "తెలుగులో ఏదన్నా ఒకటి పాడండమ్మా, త్వరగా," అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా చెవులతో విన్నాను.

ఆమె చెప్పులు విడిచి పక్కన పెట్టింది.

"అనప పూత రాలిపాయ, అన్న రాలేదే,
రాగి వెన్ను వంగిపాయ, బండి రాలేదే..."

తళి వైపు రాగి చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళ పాట. మా అమ్మ కూడా పాడేది. కానీ చేలో అది పనికి తగ్గట్టు గబగబా నడుస్తుంది. ఈమె దాన్ని బాగా నిదానం చేసింది. 'అన్న' అన్నాక ఆగింది. ఇక రాదేమో అనుకున్నంతసేపు ఆగి, 'రాలేదే' అంది. అలా అనేసరికి ఆ అన్న నిజంగానే రాలేదని మాకు తెలిసింది. గోడ పక్క నుంచి మొదట నవ్వులు వినిపించాయి. తర్వాత అవి ఆగిపోయాయి. క్యాంటీనులో పనిచేసే ఆడవాళ్ళు గరిటెలు పట్టుకుని బయటికి వచ్చి నిలబడ్డారు. జర్మన్లు లేచి చప్పట్లు కొట్టారు. వాళ్ళు కొట్టారు కాబట్టి మేనేజరూ కొట్టాడు.

మర్నాడు పొద్దున నన్ను పిలిచాడు. "కూలివాళ్ళు కలుపు తీసేటప్పుడు పాడుకునే పాటట కదా! ఫారిన్ వాళ్ళ ముందా? హెడ్డాఫీసువాళ్ళు అడుగుతున్నారు. ఆ పాటకు అనుమతి ఎవరిచ్చారు? రాతపూర్వకంగా కావాలి."

అనుమతి ఇచ్చింది ఎవరో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. నాకు అప్పటికి ఇద్దరు పిల్లలు. ప్రమోషన్ ఫైలు ఆయన టేబులు మీదే ఉంది. కూర్చుని రాశాను. "సదరు గాయని, కార్యక్రమంలో లేని పాటను, నిర్వాహకుల అనుమతి లేకుండా, తన ఇష్టప్రకారం పాడినందున, ఇకమీదట ఆమెను పిలవకూడదని కమిటీ తీర్మానించడమైనది." కమిటీ అంటే నేనే. ఇంగ్లీషులో రాసిన ఆ కాగితం నకలు ఒకటి పద్ధతి ప్రకారం ఆమెకు పోస్టులో వెళ్ళింది. పద్ధతి మా ఫ్యాక్టరీలో ఎప్పుడూ తప్పలేదు.

ఆరు నెలలు నేను పిండి మిల్లు వీధిలోకి పోలేదు. ఇంట్లో పిండి అయిపోతే మా ఆవిడను పంపాను. ఒక ఆదివారం మా ఆవిడకు జ్వరం వచ్చి నేనే పోవాల్సి వచ్చింది. డబ్బా మిల్లు ముందు దింపి తలెత్తితే మెట్ల మీద పాటమ్మ కూర్చుని ఉంది.

"ఏమప్పా సెక్రెటరీ, యాడా కనపడలేదే?"

"పని ఎక్కువమ్మా."

"నీ లెటరు వచ్చింది. చదివినాను. ఇంగ్లీషు శానా బాగ రాసినావప్పా. ఒక్క తప్పు లేదు," అంది. "నా దగ్గర పాట నేర్చుకునుంటే, ఒక్క తప్పైనా చేయమని నేర్పించి ఉందును."

"ఉద్యోగం అమ్మా..." అని గొణిగాను.

"తెలుసు. నేనూ ఉద్యోగమే కదా చేసినాను. పిండి పట్టేలోపల కాఫీ తాగుతావా?"

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆ కాఫీ అంత కష్టపడి నేను జీవితంలో ఏదీ తాగలేదు.

ఆ తర్వాత ఆమెకు ఏదైనా మంచి చేయాలని నా ఆరాటం. నావంటివాడు చేసే మంచి ఎలా ఉంటుందో చెబుతాను. తళిలో నాకు తెలిసిన ఒక రైతు ప్లాస్టిక్ గుడారాలు వేసి విదేశాలకు పంపే గులాబీలు పెంచుతుండేవాడు. సంగీతం వినిపిస్తే మొక్కలు త్వరగా పూస్తాయని ఏదో పత్రికలో చదివాడట. టేపులు వేసి చూశాడు, ఫలితం లేదట. మనిషి గొంతయితే ఎలా ఉంటుందో చూద్దామని నన్నడిగాడు. "ఇంగ్లీషు పాటయితే ఇంకా మంచిదన్నా. చెట్లు హాలెండు నుంచి తెప్పించినాను. వాటికి మన తెలుగు తెలిసేదానికి కొంచెం టైమైతాది."

నేను ఆమె పేరు చెప్పాను. ఆమె కోపం చేసుకుంటుందనుకున్నాను. "గులాబీలు తింటా వినవు, తాగతా వినవు. హోటలు కన్నా మేలే," అని ఒప్పుకుంది.

వారానికి మూడు రోజులు తళి బస్సెక్కి పోయేది. గుడారంలో వరసల మధ్య నడుస్తూ పాడేది. గులాబీలు విన్నాయో లేదో గానీ, పూలు కోసే ఆడవాళ్ళు ఇరవైమంది విన్నారు. ఆమె నిదానంగా పాడితే వాళ్ళ కత్తెరలు నిదానంగా నడిచేవి. ఆపితే కత్తెరలూ ఆగేవి. నెల తిరిగేలోపు వాళ్ళు తమ పాటలు ఆమెకు నేర్పడం, ఆమె వాటిని ఎక్కడ వంచాలో వాళ్ళకు చూపించడం మొదలైంది. యజమాని రోజూ కొమ్మల పొడుగు కొలిచి నోటు పుస్తకంలో రాసుకునేవాడు. కొమ్మలు పెరగలేదు. కోత తగ్గింది.

"అమ్మా, స్పీడు పాటలే పాడు," అన్నాడు.

"గులాబీకి స్పీడు పడదప్పా."

"గులాబీకి కాదమ్మా, వీళ్ళకు."

రెండు నెలలకు ఆయన ఆమెకు నమస్కారం పెట్టి, ఆమె పాటలే ఒక క్యాసెట్టులో పట్టించి, టేపు రికార్డరు తెచ్చి గుడారంలో పెట్టాడు. అన్నీ వేగమైన పాటలే. వారం తర్వాత నేను ఏదో పనిమీద ఆ దారిన వెళ్తే ఆయన లబోదిబోమంటున్నాడు. రోజూ పొద్దున కొత్త బ్యాటరీలు వేస్తాడు, పది నిమిషాలకు టేపు ఆగిపోతుంది. ఆడవాళ్ళను అడిగితే, "బ్యాటరీ అయిపోయిందన్నా," అంటారు. అని తామే పాడుకుంటారు.

నేను ఒకామెను పక్కకు పిలిచి నిజం చెప్పమన్నాను. బ్యాటరీలు ఆమె నడుము దగ్గర చెంగులో మూటగట్టి ఉన్నాయి.

"ఆ అమ్మ పాటే కదా, ఏమిటికి ఆపుతారు?"

"అమ్మ పాటేనన్నా. అమ్మయితే మేము ఆగితే ఆగుతాది. దీనికి మేముండేదే తెలీదు," అందామె.

ఆ మాట పాటమ్మకు చేరవేశాను. బెంగళూరు హోటల్లో ఎవరెవరో పొగిడినట్టు అప్పుడప్పుడు చెప్పేది గానీ, ఆ కబుర్లన్నీ ఆ రోజుతో మానేసింది.

కృష్ణగిరి కొత్తగా జిల్లా అయినప్పుడు ఊళ్ళోని ప్రతి సంఘమూ బోర్డు దింపి 'జిల్లా' అన్న మాట రాయించుకుంది. అందులో ఒక తెలుగు సంఘం కృష్ణగిరిలో బళ్ళ పిల్లలకు పాటల పోటీ పెట్టింది. మా ఫ్యాక్టరీ బహుమతులు ఇస్తోంది కాబట్టి దాని తరఫున నేను ఒక న్యాయనిర్ణేతను. రెండో మనిషి రిటైరైన డ్రిల్లు మాస్టరు. మూడో మనిషి కావాలంటే నేను పాటమ్మ పేరు చెప్పాను. అప్పటికి మా గుంటూరు మేనేజరు బదిలీ అయిపోయాడు, నాకు ధైర్యం వచ్చింది.

ముప్పైమంది పిల్లలు. తమిళనాడు బళ్ళలో చదివేవాళ్ళు కాబట్టి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం చాలామందికి రాదు. పాట మాటలు తమిళ అక్షరాల్లో రాసుకుని బట్టీపట్టి వచ్చారు. అందరికీ ఒకటే దేశభక్తి గీతం ఇచ్చారు. డ్రిల్లు మాస్టరు కళ్ళు మూసుకుని వినలేదు, కళ్ళు తెరిచి చూశాడు. చేతులు ప్యాంటు కుట్టుకు ఆనించి నిలబడినవాళ్ళకు ఎక్కువ మార్కులు వేశాడు. ఇరవైతొమ్మిదిసార్లు అదే పాట, అదే తీరు. ఆమె ఒకచోట నా వైపు వంగి, "మిల్లాయన్ని పిలిచి ఉంటే సంతోషపడును," అంది.

చివర్లో ఉద్దనపల్లి నుంచి వచ్చిన ఒక పాప ఎక్కింది. పన్నెండేళ్ళుంటాయి. గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల. గొంతు ఎత్తుగా, గరుకుగా ఉంది. పల్లవి బాగానే పాడింది. చరణంలో రెండో లైనుకు వచ్చేసరికి మాట మరిచిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. హాలంతా చూస్తోంది. తల్లి కాబోలు, చివరి వరసలో లేచి నిలబడింది.

పాప ఆగలేదు. వరసను వదలకుండా, మాట ఉండాల్సిన చోటల్లా మందను అదిలించే కూతలు వేసుకుంటూ పోయింది. "హుర్ర హొయ్, దుర్ర దుర్ర, హో హొయ్..." దేశమాత కీర్తి శిఖరాల మీదికి గొర్రెల మంద ఎక్కుతున్నట్టుంది. హాలు పగలబడి నవ్వింది. పాప ఇంకా గట్టిగా పాడింది. చివర్లో పల్లవికి సరిగ్గా వచ్చి కలిసి, దండం పెట్టి, దిగి, తల్లి కొంగులో ముఖం దాచుకుంది.

పాటమ్మ తన మార్కుల కాగితం మీద ఆ పిల్ల పేరు ఎదుట నూటికి నూరు వేసింది.

సంఘం అధ్యక్షుడు కాగితాలు చూసి మా దగ్గరికి వచ్చాడు. "ఏమమ్మా ఇది? మాటలే మర్సిపోయింది కదా పాప!"

"మాట మర్సింది. పాట మర్సిందా?"

"గొర్రెల్ని తోలినట్టు తోలింది!"

"మిగిలినోళ్ళంతా గొర్రెల మాదిరి పాడినారు. తోలేదానికి ఒకరు కావాల కదప్పా."

డ్రిల్లు మాస్టరు ఒప్పుకోలేదు. చేతులు కూడా కుదురుగా పెట్టుకోలేదన్నాడు. అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "సార్, మీరు కంపెనీ మనుషులు. పద్ధతి తెలిసినోళ్ళు. మీరే చెప్పండి. మీరు ఏ పేరు రాస్తే అదే ఖాయం."

ఆమె నా వైపు చూడలేదు. పెన్ను మూత తీసి పెట్టుకుంటోంది. నేను నా కాగితం తీసుకుని, అప్పటికే వేసిన మార్కులు కొట్టేసి, ఆ పాప పేరు మొదట రాసి సంతకం చేశాను. కొట్టివేతలున్న కాగితం మీద నేను చేసిన మొదటి సంతకం అది. అధ్యక్షుడు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తీసుకుపోయాడు. ఆ తర్వాత మమ్మల్నిద్దరినీ ఏ పోటీకీ ఎవరూ పిలవలేదు.

సాయంత్రం కృష్ణగిరి బస్టాండులో హోసూరు బస్సు కోసం కూర్చున్నాం. ఆ తల్లీకూతుళ్ళు కూడా అక్కడే ఉన్నారు. పాప ఒళ్ళో బహుమతిగా ఇచ్చిన స్టీలు క్యారియరు. తల్లి చాలాసేపు మమ్మల్ని చూసి, చివరకు లేచి వచ్చింది.

"అమ్మా, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. మా పాప మర్సిపోయిందని అందరూ నవ్వినారు. నువ్వు ప్రైజు ఇచ్చినావు. జాలిపడి ఇచ్చినావా? జాలికిచ్చింది అయితే మాకు వద్దు. వాపసు ఇచ్చేస్తాము."

ఆమె పక్కకు జరిగి, "కూర్చోమ్మా," అంది. తల్లి కూర్చోలేదు.

"జాలి లేదమ్మా," అంది ఆమె. "నేను బెంగళూరులో పెద్ద హోటల్లో పాడతా ఉంటిని. శానా ఏండ్లు. ఒక పొద్దు పాట మధ్యలో మాట మర్సిపోయినాను. నూరుసార్లు పాడిన పాటే. బ్యాండు వాయిస్తానే ఉంది. నాకోసం అదే వరస ఒక చుట్టు వాయించినారు, రెండు చుట్లు వాయించినారు. ఏదో ఒకటి పాడి ఉండొచ్చు. అది నా పనే. జనం ప్లేట్ల మీద నుంచి తలెత్తి చూసినారు. అన్నేండ్లలో వాళ్ళు నా వైపు సరిగ్గా చూసింది ఆ పొద్దే. నేను నిలిచిపోయినాను. మర్నాడు పాడదామని పోయినాను, మైకు ముందర నోరు తెరుచుకోలేదు. మీ పాప నిలవలేదు. అదేమ్మా, దానికే ఇచ్చినాను."

అన్నేళ్ళ పరిచయంలో ఆ సంగతి ఆమె నాకు చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? నేను ఉత్తరాలు రాసేవాణ్ణి.

తల్లికి హోటలు, బ్యాండు ఎంతవరకు అర్థమయ్యాయో తెలియదు. కానీ ముఖం కొంచెం సడలింది. కూతురి చేతిలోని క్యారియరు తీసుకుని చెంగుతో తుడిచి తన సంచిలో పెట్టుకుంది. వాళ్ళెక్కాల్సిన రాయకోట బస్సు వచ్చింది. ఎక్కబోతూ పాప వెనక్కి తిరిగింది.

"నిలిచిపోతే ఏమైతాది అవ్వా?" అని అడిగింది.

"ఏమీ కాదు పాపా," అంది ఆమె. "హోసూరు వచ్చేస్తాము."